షుగర్ ఉన్న అమ్మకు మతిమరుపు: మొక్కల మాత్రలు కాపాడతాయా?

ప్రశ్న: మా అమ్మకు 66 ఏళ్లు. 17 ఏళ్లుగా షుగర్ ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వేసుకుంటుంది. ఏడాది నుంచి మతిమరుపు ఎక్కువైంది. అడిగిందే అడుగుతుంది. కళ్లజోడు ఎక్కడ పెట్టిందో మర్చిపోతే ఈ వయసులో మామూలే అనుకున్నాం. మొన్న సొంత చెల్లెలి పేరు గుర్తు రాక ఏడ్చేసింది. మా అమ్మమ్మకూ షుగరే. చివరి రోజుల్లో ఆవిడ మమ్మల్ని ఎవరినీ గుర్తుపట్టలేదు. ఆ టెన్షన్‌తో రాత్రిళ్లు కూర్చుని చదువుతున్నాను. షుగర్ వల్ల మెదడు దెబ్బతింటుందని, పసుపులోని కర్క్యుమిన్, ద్రాక్షలోని రెస్వెరట్రాల్, బెర్బెరిన్ లాంటి మొక్కల పదార్థాలు దాన్ని ఆపుతాయని పరిశోధనల్లో తేలిందని చాలా చోట్ల రాశారు. మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ మాత్రలు, బెర్బెరిన్ మాత్రలు తెప్పించాను. ఇంకా మొదలుపెట్టలేదు. మొక్కల మందులు ఉండగా ఇంగ్లీషు మందులు కాస్త తగ్గించొచ్చు కదా అని తమ్ముడు అంటున్నాడు. ఏం చేయమంటారు?

సమాధానం: మాత్రలు ఇంకా మొదలుపెట్టలేదని రాశారు. అది చదివాక ఊపిరి పీల్చుకున్నాను. ఆ డబ్బాల మూత తీయకుండా పక్కన పెట్టండి. అమ్మ వేసుకునే షుగర్ మాత్రల్లో ఒక్కటి కూడా మీ అంతట మీరు తగ్గించకండి. ఈ రెండు మాటలూ ముందు చెప్పేశాను కాబట్టి ఇక నిదానంగా మాట్లాడుకుందాం.

నేను చాలా ఏళ్లు ఫార్మకాలజీ ల్యాబ్‌లో, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో పరిశోధించే చోట పనిచేశాను. "పరిశోధనల్లో తేలింది" అన్న మాట వెనకాల ఉండే ఎలుకల్ని చేత్తో పట్టుకున్నదాన్ని. అందుకే మీ ఉత్తరాన్ని పక్కన పెట్టలేకపోయాను.

మీ భయం ఉత్తిది కాదు. షుగర్‌కీ డిమెన్షియాకీ, అంటే రోజువారీ పనులకు అడ్డుపడేంతగా ముదిరే మతిమరుపు జబ్బుకీ, సంబంధం ఉంది. నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో వేల మంది పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన ఒక అధ్యయనం, షుగర్ ఉన్నవాళ్లకు డిమెన్షియా వచ్చే అవకాశం దాదాపు రెట్టింపని 1999లో చెప్పింది. ఆ తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ఆ పెరుగుదల సుమారు ఒకటిన్నర రెట్లు. రక్తనాళాలు దెబ్బతిని వచ్చే రకంలో అంతకన్నా ఎక్కువ. అంటే షుగర్ ఉన్న ప్రతి ఒక్కరికీ వస్తుందని కాదు. అమ్మమ్మకు వచ్చింది కాబట్టి అమ్మకూ రాసిపెట్టి ఉందనీ కాదు.

షుగర్ మెదడును ఎలా పాడుచేస్తుందో కొంచెం తెలుసుకుంటే మీరు చదివిన వాటిలో ఏది ఎంతవరకు నమ్మాలో మీకే అర్థమవుతుంది. మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. కానీ ఒళ్లు ఖర్చుపెట్టే శక్తిలో ఐదో వంతు అదే తినేస్తుంది. దానికి గ్లూకోజ్ తక్కువైనా కష్టమే, ఏళ్ల తరబడి ఎక్కువగా ఉన్నా కష్టమే. ఇన్సులిన్ పని రక్తంలో చక్కెర తగ్గించడమే అనుకుంటాం గానీ, మెదడులో దాని ఉద్యోగం వేరు. జ్ఞాపకాల్ని పదిలపరిచే హిప్పోకాంపస్‌లో నరాల కణాల మధ్య లంకెలు గట్టిపడటానికి అది సంకేతం ఇస్తుంది. ఒళ్లు ఇన్సులిన్ మాట వినడం మానేసినట్టే మెదడు కూడా మానేస్తే ఆ లంకెలు బలహీనపడతాయి. కణాల లోపల టౌ అనే ప్రొటీన్ చిక్కులు పడటానికి దారి ఏర్పడుతుంది. ఇంకో సంగతి ఉంది. వాడేసిన ఇన్సులిన్‌ను విరగ్గొట్టే ఎంజైమే, డిమెన్షియాలో ఎక్కువగా కనిపించే రకమైన ఆల్జీమర్స్‌లో పేరుకునే అమైలాయిడ్ బీటా అనే ప్రొటీన్‌ను కూడా శుభ్రం చేస్తుంది. ఒంట్లో ఎప్పుడూ ఇన్సులిన్ ఎక్కువగా తిరుగుతుంటే ఆ ఎంజైమ్ దాని పనిలోనే మునిగిపోతుందని, అమైలాయిడ్ అలా ఉండిపోతుందని కొందరు శాస్త్రవేత్తల ఊహ.

చక్కెరకు ప్రొటీన్లను పట్టుకుని అతుక్కుపోయే గుణం ఉంది. అమ్మకు చేయించే హెచ్‌బీఏ1సీ పరీక్ష కొలిచేది సరిగ్గా దీన్నే, రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అతుక్కుందని. ఎర్రరక్తకణం నాలుగు నెలల్లో పోతుంది, దానితో ఆ మరకా పోతుంది. రక్తనాళాల గోడల్లో ఏళ్ల తరబడి ఉండే ప్రొటీన్లకు అతుక్కున్నది అంత తేలిగ్గా వదలదు. అక్కడ మంట (వాపు, ఇంగ్లీషులో ఇన్‌ఫ్లమేషన్) రాజేస్తుంది, గోడల్ని మందంగా, బిరుసుగా చేస్తుంది. కంటి రెటీనాలో, కిడ్నీలో సన్నటి నాళాలకు షుగర్ ఏం చేస్తుందో మెదడులోని సన్నటి నాళాలకూ అదే చేస్తుంది. చాలా వ్యాసాలు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తాయి. నా లెక్కలో మీ అమ్మ విషయంలో పెద్ద పీట వేయాల్సింది దీనికే. ఎందుకంటే నాళాల్ని కాపాడే మార్గాలు మన చేతిలో చాలానే ఉన్నాయి.

"టైప్ 3 డయాబెటిస్" అన్న పేరు కూడా మీ కంట పడే ఉంటుంది. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీకి చెందిన సుజాన్ డి లా మాంటే బృందం 2005లో ఆల్జీమర్స్ రోగుల మెదడులో ఇన్సులిన్ వ్యవస్థ దెబ్బతినడం చూసి ఆ మాట వాడింది. అది ఒక ఆలోచనకు పెట్టిన పేరు. ఆ పేరుతో డాక్టర్లు ఎవరికీ జబ్బు నిర్ధారించరు. ఆ పేరు చూసి అమ్మకు కొత్త జబ్బేదో వచ్చిందని బెంగపడకండి.

ఇప్పుడు మొక్కల పదార్థాల సంగతి. గాజు గిన్నెలో పెంచిన కణాల మీద ఇవి చేసే పనులు చూస్తే నిజంగా ముచ్చటేస్తుంది. కర్క్యుమిన్ మంటను రాజేసే స్విచ్‌ను అణుస్తుంది. ఉల్లిపాయల్లోని క్వెర్సెటిన్, గ్రీన్ టీలోని ఈజీసీజీ కణం తన సొంత రక్షణ సరంజామాను బయటికి తీసేలా మేల్కొలుపుతాయి. బెర్బెరిన్ కణంలో శక్తి లెక్కలు చూసే ఏఎంపీకే అనే ఎంజైమ్‌ను తట్టి లేపుతుంది. ఇవన్నీ షుగర్ మెదడుకు చేసే హానికి ఎదురు నిలిచే పనులే. కాబట్టి ఆశపడటంలో తప్పేమీ లేదు. నేనూ ఆశపడ్డాను.

ఎలుకల దగ్గరికి వస్తే, జ్ఞాపకశక్తి కొలవడానికి రిచర్డ్ మోరిస్ అనే శాస్త్రవేత్త 1981లో వివరించిన ఒక నీటి తొట్టి పరీక్ష ఉంది. గుండ్రటి తొట్టిలో లోపల ఏముందో కనిపించకుండా నీళ్లు తెల్లగా కలుపుతాం. నీటి మట్టానికి కొంచెం కింద చిన్న పీట దాచిపెడతాం. ఎలుకను వదిలితే ఈదుతూ ఈదుతూ ఎప్పటికో పీట మీదికి ఎక్కుతుంది. గోడల మీది గుర్తుల్ని బట్టి పీట ఎక్కడుందో నేర్చుకుంటుంది. నాలుగైదు రోజులకు మామూలు ఎలుక తిన్నగా అక్కడికే వెళ్తుంది. షుగర్ తెప్పించిన ఎలుక మాత్రం ఐదో రోజున కూడా తొట్టి అంచు వెంబడే తిరుగుతూ ఉంటుంది. నిన్న ఎక్కిన పీట దానికి గుర్తుండదు. కర్క్యుమిన్ పట్టించిన షుగర్ ఎలుక ఆ పీటను చకచకా వెతుక్కోవడం మొదటిసారి చూసిన రోజు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మీరు చదివిన వ్యాసాల్లో చాలావాటికి మూలం ఇలాంటి తొట్టే.

కానీ ఆ ఎలుక మీ అమ్మ కాదు. దానికి షుగర్ వచ్చింది స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనం ఇంజెక్షన్‌తో. మట్టిలో ఉండే ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చిన ఆ మందు, పాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని రెండు మూడు రోజుల్లో చంపేస్తుంది. అమ్మ షుగర్ అలా రాలేదు. ఏళ్ల తరబడి మెల్లగా వచ్చింది, బీపీ, కొలెస్ట్రాల్, వయసు అన్నీ కలిసి నడిచాయి. ఆ ఎలుకలు చాలావరకు రెండు మూడు నెలల వయసువి, మంచి యవ్వనంలో ఉన్నవి. షుగర్ తెప్పించిన కొద్ది రోజులకే, ఒక్కోసారి అంతకు ముందు నుంచే, వాటికి మొక్కల పదార్థం పట్టించడం మొదలుపెడతాం. ఇల్లు కాలక ముందే నీళ్లు పట్టుకుని నిలబడటం లాంటిది అది. 17 ఏళ్లుగా షుగర్ ఉన్న మనిషికి ఆ లెక్క ఎలా సరిపోతుంది?

ఇంకో చిక్కు ఉంది, దీని గురించి మా ల్యాబ్‌లో చాలా వాదనలు జరిగేవి. కర్క్యుమిన్, బెర్బెరిన్ లాంటివి ఎలుకలో షుగర్‌ను కూడా తగ్గిస్తాయి. అలాంటప్పుడు మెదడు బాగుపడింది ఆ పదార్థం మెదడులోకి వెళ్లి పనిచేయడం వల్లనా, లేక ఊరికే షుగర్ తగ్గడం వల్లనా? షుగర్ తగ్గడం వల్లే అయితే, అమ్మ ఇప్పటికే వేసుకుంటున్న మాత్రలు చేసే పనీ అదే కదా. పైగా షుగర్ ముదిరిన ఎలుక బక్కచిక్కి, నీరసించి ఉంటుంది. అది పీట చేరడానికి ఎక్కువసేపు పట్టింది మతిమరుపు వల్లనా, ఈదే ఓపిక లేక మెల్లగా ఈదడం వల్లనా అన్నది జాగ్రత్తగా కొలిస్తేనే తెలుస్తుంది. అన్ని ప్రయోగాల్లోనూ అంత జాగ్రత్త ఉండదు. ఫలితం రాని ప్రయోగాలు సొరుగుల్లోనే ఉండిపోతాయి, వచ్చినవే అచ్చవుతాయి. అందుకే చదివేవాళ్లకు అంతా గెలుపే కనిపిస్తుంది.

మోతాదు కూడా చూడండి. ఎలుకకు కిలో బరువుకు 200 మిల్లీగ్రాముల కర్క్యుమిన్ ఇచ్చారనుకుందాం. ఎలుక మోతాదును మనిషికి మార్చే మామూలు లెక్క ప్రకారం దాన్ని ఆరుతో భాగిస్తే, 60 కిలోల మనిషికి రోజుకు సుమారు 2 గ్రాములు. పసుపులో కర్క్యుమిన్ ఉండేది 3 శాతం వరకే. అంటే 2 గ్రాముల కోసం రోజూ 65 గ్రాములకు పైగా పసుపు తినాలి. కూరలో వేసే చిటికెడు పసుపుకూ ల్యాబ్‌లో జరిగిన దానికీ మధ్య దూరం అంత.

సరే, మాత్ర రూపంలో 2 గ్రాములూ మింగుతారు. అప్పుడు ఇంకో అడ్డంకి. కర్క్యుమిన్ నీటిలో కరగదు, పేగులు దాన్ని సరిగ్గా పీల్చుకోవు, పీల్చుకున్న కాస్తనూ లివర్ వెంటనే మార్చేసి బయటికి పంపుతుంది. 1998లో బెంగళూరులో జరిగిన ఒక ప్రయోగంలో 2 గ్రాముల కర్క్యుమిన్ మింగిన మనుషుల రక్తంలో అది దాదాపు దొరకనే లేదు. అదే మోతాదుకు మిరియాల్లోని పిపరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితే రక్తంలోకి చేరడం 2000 శాతం పెరిగింది. మీరు తెప్పించిన మాత్రల్లో మిరియాల సారం ఉన్నది అందుకే. అంకె చాలా పెద్దదిగా కనిపిస్తుంది. సున్నాకు దగ్గరగా ఉన్నది ఇరవై రెట్లు పెరిగినా కొంచెమే అవుతుంది. ఆ కొంచెంలో మెదడు దాకా వెళ్లేది ఇంకా కొంచెం. పిపరిన్ ఈ పని చేసేది లివర్ చేతులు కట్టేసి. ఆ సమయంలో ఒంట్లో ఉన్న వేరే మందుల్ని బయటికి పంపే పని కూడా మందగించవచ్చు. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

మనుషుల మీద ఏం జరిగిందో చూద్దాం. 2012లో అమెరికాలో 36 మంది ఆల్జీమర్స్ రోగులకు 24 వారాలు రోజుకు 2 లేదా 4 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే మేలు కనిపించలేదు. 2018లో లాస్ ఏంజెలెస్‌లో డిమెన్షియా లేని 40 మందితో 18 నెలల ప్రయోగం జరిగింది. బాగా ఒంటపట్టేలా ప్రత్యేకంగా తయారుచేసిన కర్క్యుమిన్ 90 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఇచ్చారు. తీసుకున్నవాళ్లకు జ్ఞాపకశక్తి పరీక్షల్లో మార్కులు మెరుగయ్యాయి. మంచి వార్తే. కానీ 40 మందే. థాయ్‌లాండ్‌లో 2012లో వచ్చిన ఇంకో ఫలితం నాకు ఇప్పటికీ ఆసక్తికరంగా అనిపిస్తుంది. షుగర్ వచ్చే అంచున ఉన్న 240 మందిలో సగం మందికి తొమ్మిది నెలలు కర్క్యుమిన్, సగం మందికి మందు లేని ఉత్త మాత్రలు ఇచ్చారు. ఉత్త మాత్రల గుంపులో 16.4 శాతం మందికి షుగర్ వచ్చింది, కర్క్యుమిన్ గుంపులో ఒక్కరికీ రాలేదు. అయితే అది షుగర్ ఇంకా రానివాళ్ల సంగతి, అందులో జ్ఞాపకశక్తి ఊసు లేదు. పసుపు మీద నాకు కోపమేమీ లేదని మీకు తెలియాలనే ఇది చెప్పాను.

రెస్వెరట్రాల్‌ను 119 మంది ఆల్జీమర్స్ రోగులతో ఏడాది పాటు పరీక్షించారు, 2015లో ఫలితాలు వచ్చాయి. మోతాదు పెంచుకుంటూ రోజుకు 2 గ్రాముల దాకా వెళ్లారు. తట్టుకోగలిగారు గానీ, మందు తీసుకున్నవాళ్ల మెదడు పరిమాణం ఉత్త మాత్రల వాళ్లకన్నా ఎక్కువ తగ్గింది. మంట, వాపు తగ్గడం వల్ల అలా కనిపించి ఉండొచ్చని పరిశోధకులు అన్నారు. కావచ్చు. ఆ మాట తేలేదాకా నేనైతే మా ఇంట్లో వాళ్లకు ఇవ్వను.

అన్నింటికన్నా పెద్ద పాఠం గింకో అనే చెట్టు ఆకు సారం నేర్పింది. జ్ఞాపకశక్తికి దాన్ని మించింది లేదని ఎన్నో ఏళ్లు అమ్మారు. చివరికి అమెరికాలో 75 ఏళ్లు దాటిన 3069 మందిని తీసుకుని, సగం మందికి రోజుకు రెండుసార్లు 120 మిల్లీగ్రాముల చొప్పున ఆరేళ్ల పాటు ఇచ్చి చూశారు. 2008లో ఫలితం వచ్చింది. డిమెన్షియా రావడంలో తేడా లేదు. నమ్మకం ఎంత గట్టిదైనా, పెద్ద పరీక్ష పెట్టినప్పుడు ఇలా తేలవచ్చు. షుగర్ ఉన్నవాళ్లలో కర్క్యుమిన్‌కో బెర్బెరిన్‌కో డిమెన్షియాను ఆపే శక్తి ఉందో లేదో చెప్పగల అంత పెద్ద, అంత పొడుగాటి పరీక్ష నాకు తెలిసి ఇంకా జరగలేదు.

ఇప్పుడు మీ తమ్ముడి మాట. మొక్కల మందులు ఉండగా ఇంగ్లీషు మందులు కాస్త తగ్గించొచ్చు అన్నాడు కదా. అతనికి ఈ సంగతి చెప్పండి. అమ్మ వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్ పుట్టుక కూడా మొక్కలోనే. గలీగా అఫిసినాలిస్ అనే ఊదారంగు పూల మొక్కను యూరప్‌లో పూర్వం నుంచీ వైద్యంలో వాడేవారు. అందులో గలెజిన్ అనే పదార్థం షుగర్‌ను తగ్గిస్తుందని తెలిసింది, కానీ అది విషం కూడా. దాని పోలికతో, ప్రమాదం తక్కువగా ఉండేలా చేసినదే మెట్‌ఫార్మిన్. ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే డాక్టర్ 1957లో దాన్ని షుగర్‌కు వాడిన ఫలితాలు ప్రచురించాడు. ఆపిల్ చెట్టు బెరడు నుంచి 1835లో వేరుచేసిన ఫ్లోరిజిన్ దారి చూపితేనే ఇప్పటి డాపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు వచ్చాయి. ఆల్జీమర్స్‌లో వాడే గలాంటమైన్ స్నోడ్రాప్ అనే పువ్వు మొక్క జాతి నుంచి వచ్చింది. అంటే మొక్కల మందుల్ని పక్కన పెట్టి ఇంగ్లీషు మందులు వాడుతున్నామన్నది నిజం కాదు. మొక్కలో దొరికిన దాన్ని వేరుచేసి, విషం తీసి, మోతాదు కట్టి, వేల మంది మీద పరీక్షించి తెచ్చుకున్న మాత్ర మీ ఇంట్లో ఉంది. దాన్ని తీసేసి, ఇవేవీ జరగని మాత్రను పెట్టడం అమ్మకు న్యాయం కాదమ్మా.

ఆ కొత్త మాత్రల వల్ల నష్టం కూడా ఉంది. బెర్బెరిన్ షుగర్‌ను నిజంగానే తగ్గిస్తుంది. గ్లిమెపిరైడ్ కూడా తగ్గిస్తుంది, అది పాంక్రియాస్‌ను పిండి ఇన్సులిన్ బయటికి తెప్పించే మందు. పైగా గ్లిమెపిరైడ్‌ను విరగ్గొట్టే లివర్ ఎంజైమ్‌ను బెర్బెరిన్ మందగింపజేస్తుంది. రెండూ కలిస్తే షుగర్ మరీ పడిపోవచ్చు. మిరియాల సారం కలిపిన కర్క్యుమిన్ మాత్రలు వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. అలా జరిగేది అరుదే. కానీ అమ్మకు ఇంకేమైనా మందులు ఉంటే, రక్తం పలచబరిచేవి గానీ గుండెకు సంబంధించినవి గానీ, వాటితో ఇవి ఎలా కలుస్తాయో చూడకుండా వేయకూడదు.

షుగర్ పడిపోవడం గురించి ఇంత పట్టుబట్టి ఎందుకు చెబుతున్నానంటే, మెదడుకు అది కూడా శత్రువే. టైప్ 2 షుగర్ ఉన్న 16,667 మందిని గమనించి 2009లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, ఆస్పత్రికి వెళ్లాల్సినంతగా షుగర్ పడిపోయిన అనుభవం ఉన్నవాళ్లకు తర్వాత డిమెన్షియా ఎక్కువగా వచ్చింది. మా నాన్నగారికి చివరి ఏళ్లలో సాయంత్రం అయ్యేసరికి మాట తడబడేది. పేర్లు తారుమారు చేసేవారు, చిరాకుపడేవారు. వయసు అనుకుని కొన్ని నెలలు ఊరుకున్నాం. ఒక రోజు ఎందుకో అనుమానం వచ్చి అదే సమయంలో గ్లూకోమీటర్ పెడితే 52 ఉంది. మందు మార్చాక ఆ సాయంత్రపు తికమక పోయింది. మందుల మధ్యే బతికిన నాకు ముందే తట్టలేదే అన్న బాధ ఇప్పటికీ ఉంది. మీరు ఆలస్యం చేయకండి.

అమ్మ తికమకపడినప్పుడల్లా వెంటనే షుగర్ చూడండి. సమయం, అంకె, ముందు ఎప్పుడు తిన్నది, అప్పుడు ఏం మర్చిపోయింది, అన్నీ ఒక కాగితం మీద రాయండి. 70 కన్నా తక్కువ ఉంటే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఒక్కసారి కనిపించినా డాక్టరుకు చెప్పాల్సిన విషయమే. పెద్దవయసులో, మతిమరుపు మొదలైనప్పుడు హెచ్‌బీఏ1సీని బలవంతంగా కిందికి తేవాలని చూడరు, 8 లోపు ఉంటే చాలని కూడా డాక్టర్లు కొన్నిసార్లు నిర్ణయిస్తారు. గ్లిమెపిరైడ్ బదులు షుగర్‌ను అంతగా పడగొట్టని మందు ఇవ్వొచ్చా అని అడగండి. మీ తమ్ముడు మందు తగ్గిద్దామన్నాడు కదా, తగ్గించే అవసరం నిజంగా ఉంటే అది ఇలా, అంకెలు చూసి, డాక్టరు చేత్తో జరగాలి.

రెండోది బీ12 పరీక్ష. మీ ఉత్తరం చదువుతుంటే నాకు మొదట తట్టింది ఇదే. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే పేగుల్లో బీ12 పీల్చుకోవడం తగ్గుతుంది. బీ12 లోపిస్తే మతిమరుపు, దిగులు, నడకలో తూలడం, అరికాళ్లలో తిమ్మిర్లు వస్తాయి. ఆ తిమ్మిర్లను షుగర్ వల్ల వచ్చినవే అనుకుని వదిలేస్తాం. 17 ఏళ్ల షుగర్, మెట్‌ఫార్మిన్ అంటే ఈ పరీక్ష చేయించి తీరాలి. 200 పికోగ్రాముల కన్నా తక్కువ ఉంటే లోపం కిందే లెక్క, 200 నుంచి 300 మధ్య ఉంటే ఇంకా లోతుగా చూడమని అడగాలి. ఇది తొందరగా పట్టుకుంటే, మతిమరుపుకు కారణం అదే అయితే, చాలావరకు వెనక్కి తిప్పగలిగిన సమస్య. మెట్‌ఫార్మిన్ ఆపనక్కర్లేదు, బీ12 ఇస్తే సరిపోతుంది. ఏ మొక్క మాత్ర గురించీ నేను ఇంత ధైర్యంగా ఈ మాట చెప్పలేను.

అదే చీటీ మీద థైరాయిడ్, కిడ్నీ, లివర్ పరీక్షలూ రాయించుకోండి. చెవులు పరీక్ష చేయించండి, సరిగ్గా వినపడని మాట గుర్తుండదు, మనం దాన్ని మతిమరుపు అనుకుంటాం. నిద్ర మాత్రలు, ఎలర్జీకి వేసుకునే మత్తు కలిగించే మాత్రలు వాడుతుంటే చెప్పండి. దిగులుగా ఉంటుందా అని నెమ్మదిగా అడిగి చూడండి, చెల్లెలి పేరు గుర్తు రాక ఏడ్చిన మనిషికి తన పరిస్థితి తనకు తెలుసు, ఆ భయం ఒక్కటే కూడా మనిషిని తినేస్తుంది. ఇవన్నీ చూశాక మెమరీ పరీక్ష చేయమని అడగండి. పదిహేను నిమిషాలు కూడా పట్టదు, ఇప్పుడు చేయించిన మార్కులు ఏడాది తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తాయి.

నాళాల్ని కాపాడే మార్గాలు ఉన్నాయన్నాను కదా. మొదటిది బీపీ. అమెరికాలో 9361 మందితో జరిగి 2019లో ఫలితాలు వచ్చిన పరీక్షలో, పై బీపీని 120 లోపు ఉంచినవాళ్లలో తొలి దశ మతిమరుపు 19 శాతం తగ్గింది. ఆ పరీక్షలో షుగర్ ఉన్నవాళ్లను తీసుకోలేదు కాబట్టి అమ్మకు ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి. ఫిన్‌లాండ్‌లో 60 నుంచి 77 ఏళ్ల మధ్య ఉన్న 1260 మందికి ఆహారం, వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగర్ల అదుపు అన్నీ కలిపి రెండేళ్లు చేయించారు. మామూలు సలహాలు మాత్రమే విన్నవాళ్లకన్నా వాళ్ల మెదడు పనితీరు 25 శాతం ఎక్కువ మెరుగైందని 2015లో ప్రచురించారు. రోజూ నడక గురించి ఇంతకన్నా చెప్పను, మీకు తెలిసిందే.

మొక్కలు తిండిలో ఉండాలా అంటే, నిస్సందేహంగా ఉండాలి. కోకో గింజల్లోని ఫ్లావనాల్స్ అనే మొక్కల పదార్థాల మీద 3562 మందితో జరిగిన పరీక్ష ఫలితం 2023లో వచ్చింది. మొత్తం మీద చూస్తే తేడా లేదు. కానీ అంతకు ముందు తిండిలో ఆ పదార్థాలు బాగా తక్కువగా ఉన్నవాళ్లలో జ్ఞాపకశక్తి కాస్త మెరుగైంది. నాకు దీన్నిబట్టి అర్థమైంది ఏమిటంటే, లోటు ఉన్నచోట భర్తీ చేస్తే మేలు, నిండుగా ఉన్నచోట ఇంకా పోస్తే లాభం లేదు. ఆకుకూరలు, రంగురంగుల కూరగాయలు, పప్పుధాన్యాలు, గింజలు, నమిలి తినే పండ్లు, వీటిలో ఈ పదార్థాలు పీచుతో కలిసి వస్తాయి. పేగుల్లోని బ్యాక్టీరియా వాటిని ఇంకో రూపంలోకి మార్చి ఒంటికి అందిస్తుంది. దానిమ్మలోని పదార్థం నుంచి వచ్చే యూరోలిథిన్ అలాంటిదే, అది తయారుచేసే బ్యాక్టీరియా అందరి పేగుల్లోనూ ఉండదు. పండ్లను రసం తీసి ఇవ్వకండి, షుగర్ గబుక్కున పెరుగుతుంది. కూరలో వేసే పసుపు హాయిగా వేయండి.

తెప్పించిన మాత్రల్ని ఏం చేయాలన్న ప్రశ్న మిగిలింది. పారేయక్కర్లేదు. డబ్బాలు డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లి, అమ్మ మందుల చీటీ పక్కన పెట్టి అడగండి. సిగ్గుపడకండి, దాచకండి. నాకు తెలిసిన చాలా ఇళ్లలో డాక్టరుకు చెప్పకుండా వేసుకున్నవే ముప్పు తెచ్చాయి. బెర్బెరిన్ అయితే గ్లిమెపిరైడ్ ఉన్నంతకాలం వద్దు అనే నా మాట. కర్క్యుమిన్ సంగతి లివర్ పరీక్ష చూశాక, డాక్టరు ఏమంటే అది.

ఇవాళ సాయంత్రం అమ్మ మళ్లీ అడిగిందే అడిగితే, జవాబు చెప్పి, మీటర్ తీసి ఆ కాగితం మీద మొదటి అంకె రాయండి. రెండు వారాల అంకెలూ, బీ12 రిపోర్టూ చేతికి వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఎదురుచూస్తుంటాను.